గాటు పెట్టే చెయ్యి

మా మావయ్య అవదల్లా
రషీద్ దారిలో, కాలవ గట్టున
జుమ్మేజ్ చెట్లెక్కి కాయలకు గాట్లు పెట్టేవాడు.
బొటనవేలికి తొడిగిన రేకుముక్క,
ఒక్కో కాయకు ఒక్క గీత.
కొయ్యడం కాదు,
లేపడం.

"దెబ్బ తగిలిన కాయ ఊపిరిలాంటిదేదో వదులుతుందిరా,
మన ముక్కుకు అందదు.
తాను వదిలింది తానే విని
మూడు నాలుగు రోజుల్లో మెత్తబడుతుంది,
లోపలి పురుగు రెక్క విప్పకముందే."
గీత పడనిది మాత్రం
పచ్చిగా, మొండిగా
కొమ్మనే కరుచుకుని ఉండేది.

ఒక ఎండాకాలం ఆయన చెయ్యి వణికింది.
గీత కాయ తప్పి వేలు కోసింది.
తిండి రెట్టింపు, ఒళ్లు సగం,
గలాబియా కర్రకు తొడిగినట్టు వేలాడేది.
గుడ్లు ముందుకొచ్చి, నిద్ర పట్టక
తెల్లవార్లూ డాబా మీద పచార్లు.
సనియ్యా అత్త దిష్టి అంది, పటిక కాల్చింది.
పటిక పొంగి ఎవరి మొహంలానో అయింది కూడా.
నేను దమన్‌హూర్ ఆసుపత్రికి తీసుకెళ్లాను.

డాక్టరమ్మ గుటక వెయ్యమని మెడ తడిమింది.
"ఇక్కడొక గ్రంథి ఉంది, సీతాకోకచిలుకలా.
ఉప్పురవ్వ కన్నా తక్కువ సరుకు
రక్తంలో వదులుతుంది, ఒళ్లంతా దాని మాట వింటుంది.
చాలని తల ఎప్పుడో ఊరుకుంది.
దొంగ వేలేదో తలుపు తడుతూనే ఉంది,
ఇది తీస్తూనే ఉంది."

మావయ్య కాసేపు ఆలోచించి,
"నాకు గాటు పెట్టిందెవరమ్మా?" అన్నాడు.
ఆమె నవ్వలేదు. చీటీ రాసింది.

ఆ నెలల్లో చెట్లెక్కింది నేనే.
దూడ పోయిన గేదె అత్తకు చేపడం మానేసింది.
పొదుగు కడిగింది, బుజ్జగించింది, తిట్టింది,
ఖాళీ బకెట్ ముందు కూలబడింది.
గోడవతల మావయ్య దగ్గాడు.
అంతే, చేపింది.
చెవిలో దూరిన దగ్గు
చన్నుల్లోకి ఏ దారిన దిగిందో,
మధ్యలో మోసిందెవరో,
బకెట్ నురగకు తెలియదు,
అత్తకు అక్కర్లేదు.

మాత్రలు కందిగింజంత కూడా ఉండేవి కావు.
"ఇంత చెట్టుకు ఇంతేనా" అని
అరచేతిలో వాటిని ఎంతసేపో చూసుకునేవాడు.

నాలుగో నెలలో ఒక సాయంత్రం
పళ్లెంలో టీ గ్లాసు గలగలమనలేదు.
వంటింట్లో ఉన్న అత్త
ఆ చప్పుడు లేకపోవడం విని
పిండి చేతులతోనే బయటికొచ్చింది.

మావయ్య ఆమె వైపు చూడలేదు.
టీ చివరిదాకా తాగి,
రేకుముక్క ఎక్కడ పెట్టావురా, అన్నాడు.