నలుపంటే మంచిది

గడ్డం ఇక్కడ ఆనించు, కింతురాయ్.
ఈ పుల్లని ముందు పళ్ళతో కొరికి పట్టుకో.
పద్నాలుగు సెకన్లు బొమ్మలా ఉండాలి,
ముక్కుతో ఊపిరి పీల్చుకో అన్నాను.
"నా ముక్కు పనిచెయ్యదు" అంది,
చెప్పుకి ఉంగటం తెగిందన్నంత మామూలుగా.

యంత్రం దాని తల చుట్టూ
దిష్టి తీస్తున్నట్టు తిరిగింది.

జూలై. టెముకోలో చలికాలం.
ప్రతి ఇంటి గొట్టంలోంచీ తడికట్టెల పొగ
పైకి పోలేక వీధిలోనే చతికిలబడుతుంది.
వాళ్ళమ్మ దొరలీసా శాలువా నిండా అదే.
కోరపన్ను అడ్డంగా వస్తోందని చెప్పింది,
టీచరు దీన్ని మొద్దు అంటుందని,
రాత్రంతా నోరు తెరిచి గురక పెడుతుందని,
తాతకి పోటీగా.
మొదటి మాటే చీటీలో ఉంది.
మిగతావాటికి చీటీలో గడి లేదు.

తెర మీద పళ్ళు తేలాయి.
పాలపళ్ళ వెనక
వంతు కోసం నిలబడ్డ పెద్దపళ్ళు.
వాటికి పైన, ముక్కుకి చెరోపక్క
రెండు గాలిగదులు.
నా పనిలో నలుపంటే మంచిది,
నలుపంటే ఖాళీ, లోపల గాలి ఆడుతోందని.
ఎడమది అమావాస్యంత శుభ్రంగా ఉంది.
కుడిది
కుడితి రంగు.

నేను చదవకూడదు. తీయడం వరకే నా జీతం.
పన్నెండేళ్ళుగా పన్నడిగితే పన్ను,
దవడడిగితే దవడ.
పోయినేడాది ఒక పిల్లాడిలో ఇదే మబ్బు చూసి
ఊరుకున్నాను.
పేరు గుర్తులేదు. చొక్కా మీద గుర్రం బొమ్మ గుర్తుంది.

చీటీ అడుగున పెన్సిల్‌తో,
చెరుపుకోడానికి వీలుగా, రాశాను:
కుడిపక్క గది ఒకసారి చూడండి.

డాక్టర్ ఉరీబే చాలాసేపు చూసింది.
"నీడే కావచ్చు" అంది, "కాకపోనూ వచ్చు.
ఈ చిత్రం తేల్చదు. ముక్కు డాక్టరు తేల్చాలి."
నా పెన్సిలు గీతలు చెరపలేదు,
వాటి మీదే సిరాతో దిద్దింది.

అక్టోబరులో తల్లీకూతుళ్ళు మళ్ళీ వచ్చారు,
పన్ను కోసమే.
మందులు పూర్తయ్యాయా, నిద్ర పడుతోందా
అని నేనడిగేలోపే
పిల్ల తల్లి శాలువాకి ముఖం చిట్లించింది:
"ఇల్లంతా ఇదే కంపు! మీకెవ్వరికీ తెలియదా?"
దొరలీసా పకపకా నవ్వింది.
తర్వాత శాలువా విప్పి, మడిచి,
ఎక్కడ దాచాలో తెలియనట్టు
ఒళ్ళో పెట్టుకుంది.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక
పోయినేడాది చిత్రాలు తెరిచాను.
వందల దవడలు, వందల నవ్వులు
వెలుగు తక్కువ గదిలో ఒక్కొక్కటీ.

చొక్కాలు ఎక్స్‌రేలో పడవు.