నీడ గీత

ఇద్దయ్య తాత మెడ పైకి లేవదు.
మర్రిగూడ బోరునీళ్లు తాగి తాగి
మెడ, భుజాలు, నడుము కలిసి ఒకటే దూలమయినయ్.
పక్కనుంచి పిలిస్తే మనిషంతా తిరుగుతడు,
గడియారంల పెద్దముల్లు తిరిగినట్టు,
ఆగి, ఆగి.

నేను కేబుల్ గుంజేటందుకు పోయిన.
నెలకు అరవై రూపాలు, పన్నెండు చానళ్లు.
భుజానికి నల్లవైరు చుట్ట, జేబుల నాలుగు పిన్నులు.
పండ్లతోటి తోలు వలిచి
లోపటి రాగిపోగు బయటికి తీసుడే నా పనితనం.
పైజాలిల ఒక్క పోగు రాగికి తాకినా
తెర నిండ చీమలే.

టీవీ ఎనుక ఒక్కటే బొక్క.
అందుల అప్పటికే డాబా మీది యాంటెన్నా వైరున్నది.
"ఇది పీకేస్త తాతా.
ఇగ గా చేపముల్లు ఎందుకు?
పాతసామానోడికేస్తే ఉల్లిగడ్డలొస్తయ్."

తాత మాట్లాడలే.
కుర్చీల నుంచి మనిషంతా లేచి
మనిషంతా వాకిట్లకు నడిచిండు.
బట్టలుతికే బండ పక్కన, గచ్చు మీద,
సుద్దతోటి గీసిన గీతలు చూపిచ్చిండు.
ఒకటి ఎండకాలంది. ఒకటి వానకాలంది.
చలికాలంది సగమే ఉన్నది,
కోడలు వాకిలి కడిగితే పోయిందట.

"నా ఇంటి మీద ఏమున్నదో
పదకొండేండ్ల సంది నేను చూడలే కొడుకా.
దాని నీడ చూస్త.
మూడు కొట్టంగ అది ఈ గీత మీద పండుకోవాలె.
ముల్లుకు ముల్లుకు నడుమ ఏలెడు సందు కనబడాలె.
సందులు మూసుకపోయి ముళ్లన్నీ ఒక్క కట్టె లెక్కయినయంటే
గాలన్న తిప్పింది, కోతన్న ఊగింది.
అప్పుడు మనుమణ్ణి ఎక్కిస్త.
ఇటు. ఇంకింత. ఆగు. పోయింది, ఎన్కకు రా.
టీవీ పెట్టకముందే నాకెరుక,
ఇయ్యాల బొమ్మొస్తదో రాదో."

నమ్మబుద్ధి కాలే.
పానా పట్టుకొని డాబా ఎక్కి
ఎవరికీ తెల్వకుంట గొట్టాన్ని జరంత తిప్పిన.
కింద తాత నేలనే చూస్తున్నడు.
"ఎందుకు ముట్టినవురా?"

ఆ రాత్రి ఇంటికి పోయి
మా తమ్ముని వీడియో గేము ఇప్పిన.
దానికొక చిన్న డబ్బా ఉంటది, జరుపుడు స్విచ్చుది,
అటు జరిపితే గేము, ఇటు జరిపితే టీవీ.
తెల్లారి దాన్ని తాత టీవీకి పెట్టిన,
అటు కేబుల్, ఇటు యాంటెన్నా.
తమ్ముడు నాతోటి పదిరోజులు మాట్లాడలే.

అటు జరిపితే కోడలి సినిమాలు.
ఆరున్నరకు ఇటు జరిపితే తాత పంటల ముచ్చట్లు,
బత్తాయికి ఏ మందు కొట్టాలె, పాదుకు ఎన్ని నీళ్లు.
తాతకు బత్తాయి తోట లేదు.
ఉన్న ఎకరం బీడువడి ఏడేండ్లు.
"మరెందుకు తాతా నీకియ్యి?"
"నిలవెట్టింది నేను గద.
అది పట్నం దాంక పోయి తెచ్చినదాన్ని
మొఖం ఎదురుంగ ఇనకుంటే ఎట్ల?"

ఇప్పుడు నా కేబులూ లేదు.
చండూరుల డిష్షులు బిగిస్త.
ఎంత వంచాలె, ఎటు తిప్పాలె, అంతా ఫోనే చెప్తది.
అయినా ఏ ఇంటికి పోయినా
ముందుగాల వాకిట్ల ఆగి నేల చూస్త.
గిన్నె నీడకు సందులుండయ్.
అదేం చెప్పదు.

మొన్న ఏదో పనివడి ఆ ఇంటిదిక్కు పోయిన.
తాత లేడు. గొట్టమున్నది,
దండెం కట్టుకున్నరు దానికి.
కోడలు గచ్చు నిండ మిరపకాయలు ఎండవోసింది.
ఎర్రటి కాయల మీద
ముళ్లు ముళ్లుగ నీడ.
ఇంక మూడు కొట్టలే.
కింద గీత ఉన్నదో లేదో,
కాయలు జరిపి చూడలే.