పొరపాటు ముడి

ఎదుల్‌మిరా నావెల్‌కిన్ సంగతి చెప్పాలంటే
ముందు నా పడవ సంగతి చెప్పాలి.
పసుపు రంగు పడవ.
ఆ ముక్క ఆమెకు చెప్పింది నేనే.
"ఎంత పసుపు?" అంది.
నలభై ఏళ్ళుగా ఈ చిలోయె నీళ్ళలో తిప్పుతున్నాను,
ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.
"వెన్న కంటే ఎక్కువ, గుడ్డు సొన కంటే తక్కువ" అన్నాను.
ఆ మాటను ఎక్కడో దాచుకుంటున్నట్టు
గుప్పిట మూసింది.

కాస్త్రో పట్నంలో, మునిసిపాలిటీ మేడమీద,
ముగ్గురు పెద్దమనుషుల ముందు
తన ప్రతిపాదన చదువుతుంటే
టోపీ నలుపుకుంటూ నేను గుమ్మంలో నిలబడ్డాను.
చదవడమంటే వేళ్ళతో.
కాగితమంతా
తొలి చినుకులు పడ్డ ఇసకలా ఉంది.

ఇరవై రెండు దీవులు. అన్నిట్లోనూ దిగాలి.
ఏ దీవి గొర్రె ఉన్ని ఆ దీవిలోనే వడకాలి.
రాళ్ళ తీరానికి ముతక పోగు,
రేవుకి మెత్తనిది,
ఆల్చిప్పలు కోసుకునే చోట సన్నసన్న ముడులు.
అన్నీ కలిపితే ముప్పై మీటర్ల పటం.
"గోడకు తగిలించేది కాదు" అంది,
"నేల మీద పరుస్తాను.
జోళ్ళు విప్పి నడవాలి."

మొదటాయన దగ్గాడు.
రెండో ఆవిడ బీమా ఎవరు కడతారంది.
మూడో ఆయన, పాపం మంచివాడే,
గొంతు మెత్తగా చేసుకుని
"అంతంత దూరాలు వెళ్ళి ఏం చూస్తారమ్మా?" అన్నాడు.
"మీరు అపియావ్ వెళ్ళారా?"
లేదన్నాడు.
"అయితే మనిద్దరికీ అది చూడని దీవే" అంది.

డబ్బిచ్చారు. సగం.
పదకొండు దీవులకే, అవీ దగ్గరివి,
చూపున్న మనిషి తోడుండాలన్న షరతు మీద.
ఆ చూపున్న మనిషిని నేను.
నా కంట్లో పొర ఉందని
వాళ్ళడగలేదు,
నేను చెప్పలేదు.

చెలీన్ దాటాక, నాలుగోనాడు,
రేవు ఇదేనని నేను చూశాను.
కుక్క అరుపు నీళ్ళ మీదుగా వస్తోంది, ఇదేనని ఆమె విన్నది.
ఇద్దరమూ తప్పాం.
పాటు మొదలై
సముద్రం మా కిందనుంచి దుప్పటి లాగేసినట్టు వెళ్ళిపోయింది.
బురదలో పక్కకు ఒరిగిన పడవ,
మళ్ళీ పోటు వచ్చేదాకా ఆరు గంటలు,
చల్లారిన రెండు బంగాళాదుంప రొట్టెలు.

నేను దేవుణ్ణి తిడుతున్నాను.
ఆమె కదురు తిప్పుతోంది.
ఉన్నట్టుండి "ఏ కన్ను?" అంది.
గుటక మింగి, "కుడి" అన్నాను.
"అదీ. మొదటిరోజు నుంచీ
మన పడవ ఎడమకే లాగుతోంది."
ఇంకేం అనలేదు. రొట్టెలో పెద్దముక్క నాకిచ్చింది.

తర్వాత నడుముకు తాడు కట్టుకుని
మోకాలిలోతు బురదలోకి దిగింది,
సముద్రం ఎంతదూరం పోయిందో కొలుస్తానని.
తాడు రెండోకొస నా చేతిలో.
నలభై బారలూ అయిపోయాయి.
దూరంలో నాకామె ఒక మసక.
తాడు రెండుసార్లు గుంజుకుంది.
వెనక్కి లాగమనేమో అనుకున్నాను.
లాగితే తిట్టింది.
ఇంకా వదలమనట.
లంగరు తాడు విప్పి ముడేశాను,
చేపల వల విప్పి ముడేశాను.

ఆ పటం నిన్న వాళ్ళ చెల్లెలి వసారాలో పరిచారు.
రబ్బరు బూట్లు విప్పి నడిచాను.
కేవీ గరుకు. చెలీన్ మెత్తన.
ఆ తర్వాత బొటనవేలికి
కోడిగుడ్డంత ముడి తగిలింది.
ఏ దీవీ కాదది.
"పొరపాటు" అంది నవ్వుతూ,
"అదీ తీరంలోదే కదా."

పదకొండో దీవి తర్వాత నేత ఆగింది.
పోగులు కత్తిరించలేదు,
జడ విప్పిన జుట్టులా వదిలేసింది.
మిగతా సగానికి మళ్ళీ అర్జీ పెట్టిందట,
ఈసారి దక్షిణాన ఊరూపేరూ లేని దీవులు కూడా కలిపి.
"తోడు ఎవరని రాశావు?" అన్నాను.

ఆమె కిందికి వంగి
నా పాదం పక్కన ఒక వదులుపోగు దొరకబుచ్చుకుని
పసుపేనా ఇది, అని అడిగింది.