ఎంగిలి

కావోషుంగ్‌లో మూడు రోజులుగా వాన.
నాలుగో అంతస్తులో ఇంక్యుబేటర్ తలుపు తీస్తే
వెచ్చటి ఊపిరి ముఖానికి తగుల్తుంది,
జ్వరం లేని మనిషి నోటి లోపలి వేడి.

గాజు పళ్లెంలో
హుంగ్ చిన్-షుయి ఎడమ బుగ్గ.
బుగ్గంటే బుగ్గ కాదు,
ఆపరేషన్లో తీసిన చిక్కుడు గింజంత ముక్క నుంచి
మేం పెంచుకొస్తున్న కణాలు.
మనిషి ఏప్రిల్లో పోయాడు.
ఇవి పోలేదు.
మంగళవారం, శుక్రవారం ఇప్పటికీ తిండి అడుగుతాయి.

మొన్న మంగళవారం చేసిన పని చిన్నదే.
వీటికి పోసిన గులాబీ నీళ్లు నాలుగు రోజులకి పసుపు తిరిగాయి.
ఆ ఎంగిలి నీళ్లని వడగట్టి,
ఒక్క కణమూ జారలేదని రెండుసార్లు చూసుకుని,
పక్క పళ్లెంలో
ఏ జబ్బూ లేని కణాల మీద పోశాను.

వాటి వృత్తి అతుకులేయడం.
నాలుక కరుచుకున్నప్పుడు,
వేడి సూప్‌కి అంగిలి కాలినప్పుడు
దారం పట్టుకుని పరుగెత్తి
కుట్టేసి
మళ్లీ తమ మూల తాము పడుకునే రకం.

తాకలేదు.
ముఖాలు చూసుకోలేదు.
ఈ ఉదయం చూస్తే వాటి ఒళ్లు సాగింది.
గాయమే లేని చోట
ఆగకుండా దారం తీస్తున్నాయి.
ఆ నీళ్లలో మూలుగేదో ఉందన్నమాట,
దెబ్బ తగిలింది, కాస్త రండి, అని.
అవతల ఉన్నది దెబ్బ కాదని
వీటికెవరు చెప్తారు?
అసలు నోట్లో అయితే
ఇవి పేనిన పోగుల మీదే
అది నడిచొచ్చేది.

"చెడిపోయాయి" అని రాయమన్నాడు ప్రొఫెసర్ లియావ్.
రాశాను. కొట్టేశాను.
"పిలిస్తే వెళ్లాయి" అని రాసి
అదీ కొట్టేశాను.

చిన్-షుయి లారీ తోలేవాడు,
రేవు నుంచి తైచుంగ్‌కి, రాత్రిళ్లు.
హైవే ఎక్కే ముందు మలుపులో
ఆకుపచ్చ ట్యూబులైట్ల అద్దాల గది,
లోపల ఎత్తు స్టూలు మీద సియావ్-ల్యెన్
లేత వక్క చీల్చి, సున్నం పెట్టి, ఆకు చుట్టేది.
పొట్లానికి పది.
ఇతనికి మాత్రం పన్నెండు.
ముందింకా రెండొందల కిలోమీటర్లు,
కునుకు పడితే ఎలా, అనేది.

అతను పోయాక ఆమె ఓసారి ఇక్కడికి వచ్చింది,
సంచీ నిండా జామకాయలతో,
గొడుగు ఎక్కడ ఆనించాలో తెలీక చేతిలోనే పట్టుకుని.
ఇరవై ఏళ్ల అలవాటమ్మా, అన్నాను.
దారి పొడవునా ఎన్ని కొట్లు, ఎన్ని సిగరెట్లు, అన్నాను.
అంతా విని
"అయితే ఆ రెండూ లెక్కలోకి రావా?" అంది.

జామకాయలు కోసుకుని తిన్నాం.
గింజలు పళ్లలో ఇరుక్కున్నాయి.

ఇప్పుడు ఆరున్నర.
పసుపు నీళ్లు తోడేసి బ్లీచ్‌లో పోశాను.
ఆ అతుకులవాళ్లకి కొత్త నీళ్లు,
ఎవరి నోరూ తగలనివి.
మూలుగు ఆగితే
చేతిలో దారం కింద పెడతాయా,
అలవాటైపోయిందా?

వచ్చే మంగళవారం దాకా
ఏమీ చెప్పలేను.