పోరంబోకు

మా ఆఫీసులో సముద్రానికి రంగు లేదు.
ట్రేసింగు కాగితం మీద తెల్లగా పడుంటుంది
నేను గీసిందాకా.

ఇరవై ఆరేళ్లుగా ఇదే స్టూలు, ఇదే స్కేలు.
ఫాల్గుణంలో ఆ నీళ్ల మీద ఒక గడి గీశాను.
నాలుగు మూలలు, ఒక నంబరు,
కింద చిన్న అక్షరాల్లో: గ్యాసు లీజుకు ప్రతిపాదితం.
ఆశ్వయుజంలో అదే గడి మీద
ఎర్రసిరాతో ఏటవాలు గీతలు కొట్టాను:
తదుపరి ఉత్తర్వుల వరకు నిషేధం.
రెండుసార్లూ చెయ్యి వణకలేదు.
రెండుసార్లూ టీ చల్లారిపోయింది.

భీమిలి రోడ్డులో ఒక కల్యాణమండపంలో విచారణ.
గోడ మీద ఎవరిదో పెళ్లిజంట పేర్లు
థర్మాకోలు అక్షరాలు, ఇంకా ఊడలేదు.
వాటి కిందే నా పటం వేలాడదీశారు.
ఎడమ కుర్చీల్లో వలలవాళ్లు,
నిషేధం ఉండాలంటారు.
కుడి కుర్చీల్లో యార్డులో పని పోయిన కుర్రాళ్లు,
ఎత్తెయ్యమంటారు.
అటూ ఇటూ మేనమామలూ మేనళ్లుళ్లే గనక
ఒకే మంచినీళ్ల సీసా
నడవ దాటి పోతోంది, వస్తోంది.

సూరాడ కాసులమ్మ మైకుని
చేపని పట్టినట్టు మెడకాడ పట్టుకుంది.
"ఆ సర్వే ఓడ నీళ్లల్ల డాండాం మని పేల్చినకాడ్నించి
కానాగడతలు మా దిక్కు సూణ్నేదు బాబూ.
నీ పటంల నల్లగీతుంది, ఎర్రగీతుంది,
మా పెద్దబండ ఏదీ?"

పెద్దబండ ఎక్కడుంటుందమ్మా అన్నాను.
నవ్వారు. ఎడమవాళ్లూ కుడివాళ్లూ కలిసి
ఆ పూట నవ్విన నవ్వు అదొక్కటే.
"అటు లైటుహౌసు కైలాసగిరి అంచుని తాకాల,
ఇటు బావికొండ మా తాడిసెట్టు నెత్తిన కూకోవాల,
అప్పుడు నీ పడవ కిందుంటాది."

కుడివైపు నుంచి ఎల్లాజీ లేచాడు,
కాసులమ్మ కొడుకే.
"మాయమ్మకి బండుంది. నాకేటుంది?
గొట్టం సుట్టూ వొంగి అతికే సర్టిఫికెట్టు, సిక్స్‌జీ పాసు.
లీజు ఆగిందని గేటు మూసీసినారు.
ఆకలిని ఆపిన జీవో ఏదైనా ఉంటే సూపించండి సార్."
వాళ్లమ్మ అతని వైపు చూడలేదు.
సీసా మాత్రం అటు పంపింది.

అధికారి గొంతు సవరించుకున్నారు.
"అవి ప్రభుత్వ జలాలు. ఎవరికీ పట్టా లేదు.
మన భాషలో చెప్పాలంటే పోరంబోకు."
"అయితే సంద్రం, నాను ఒకటే సార్.
మా వీధిల నన్నూ అదే అంటన్నారు."
ఈసారి ఎవరూ నవ్వలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్క కూచుని
లైటుహౌసునీ కైలాసగిరినీ కలపబోయాను.
దగ్గరికొచ్చినట్టే వచ్చి
సాగర్‌నగర్ మలుపులో విడిపోయాయి.
నేల మీద నించుంటే కలవవు కాబోలు.

మర్నాడు పెన్సిలుతో
ఎర్రగీతల నడుమ ఒక చుక్క పెట్టాను.
మా గుర్తుల జాబితాలో గుడి ఉంది, బావి ఉంది,
స్మశానం ఉంది,
తాడిచెట్టు నెత్తిన కొండని కూచోబెడితే దొరికే బండకి
గుర్తు లేదు.
"ఇదేంటోయ్, మరకా?" అన్నారు సూపరింటెండెంటు.
అవునన్నాను.
రబ్బరు తీశాను. రుద్దాను గానీ
గట్టిగా కాదు.

విచారణ వాయిదా. పదమూడో తారీఖు,
అదే మండపం.
పటం నన్నే తెమ్మన్నారు.