పంటు మీద లెక్క

నరసాపురం రేవులో టిక్కెట్లు చింపేవాణ్ణి.
రోజుకి ఇరవైసార్లు వశిష్ఠ దాటతాను,
ఒక్క దేశమూ చూళ్ళేదు.

మొన్న ఆటుకి నీళ్ళు లాగేసి
నడిమధ్యన పంటు ఇసకమేటకి తన్నేసింది.
ఇంజనాపేశారు. ఇక పోటు రావాలి.
జానకిరామరాజు గారు కారు దిగి
ఏటికేసి తిట్టారు కాసేపు.
అవతల సఖినేటిపల్లిలో ఆయన చెరువు,
ఆక్సిజను తగ్గి రొయ్య పైకి తేలుతోందట.

"బోస్టన్‌లో ఎనిమిది నిమిషాలయ్యా!
మొహం చూపిస్తే పంపేశారు.
నాకంటే ముందు దిగినోళ్ళు
మెలికలు తిరిగిన లైన్లోనే ఉన్నారింకా.
అయిదేళ్ళకి పదివేలు కట్టాను. దండగంటావా?"

అడిగింది నన్ను.
బదులిచ్చింది మూట మీద కూర్చున్న సువార్త.
అంతర్వేదిపాలెం మనిషి, మస్కట్‌లో వంట.
అంతకుముందు ఏడేళ్ళు ఆయన షెడ్డులోనే
ఐసునీళ్ళలో రొయ్య ఒలిచింది.
"పదివేలంటే, కేజీకి ఇరవై లెక్కన
అయిదొందల కేజీలండి" అంది
వేళ్ళ మీద లెక్కేసి.
ఆ వేళ్ళ మీద గీతల్లేవు.

"ఉత్తినే ఇచ్చినా నాకా గేటు తీసుకోదండి.
అద్దం మీద పెడతానా,
మళ్ళీ పెట్టు, తుడుచుకు పెట్టు అంటది.
నిమ్మచెక్కతో తోమాను, కొబ్బరినూనె రాశాను.
ఆఖరికి ఓ ఆఫీసరొచ్చి
ఏం పని చేశావమ్మా అనడిగాడు.
చెప్తే, బొటనవేలు పట్టుకుని
చూస్తా ఉండిపోయాడు.
లైనూ మంచిదే లెండి.
శంకరగుప్తం పిల్ల ఏడుస్తా దొరికిందందులో,
కాయితం నేనే నింపిపెట్టాను.
ఇప్పటికీ శుక్రారం శుక్రారం ఫోను చేస్తది."

రాజుగారి ఫోను మోగింది.
రెండు ఏరేటర్లు తిరుగుతున్నాయట. మూడోది కాలిపోయింది.

నన్నడిగితే, ఏడాదికి నాలుగుసార్లు ఎగిరేవాడికి
దండగేం కాదు.
రొయ్య తేలుతున్నప్పుడు నిమిషం నిమిషమే.
అక్కడ మిగిల్చిన గంట ఇక్కడ ఏట్లో పోశారు కదండీ
అని నోటిదాకా వచ్చింది,
మింగేశాను.

పోటందుకుంది. అడుగున ఇసక కరకరమంది.
సఖినేటిపల్లి రేవులో తలుపు దించారు.
ముందు కార్లు, తర్వాత బళ్ళు,
నడిచేవాళ్ళు ఆఖర్న.
మా పంటు రూలది. ఎవరు పెట్టారో
ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనుకోలేదు.

మూట నెత్తికెత్తుకుని
అందరికంటే ముందు నిలబడింది సువార్త.
ఆమెకి అడ్డంగా, రోజూలాగే,
నా చెయ్యి.