సున్నా నుంచి మొదలు

అయోవాలో జనవరి. పొద్దున ఎనిమిదింటి క్లాసు.
బూట్ల మంచు కరిగి బల్లల కింద మడుగు కట్టేది.
తలా ఒక ఉక్కు స్కేలు చేతికిచ్చి
మిసెస్ హాల్వర్సన్ అంది:
"అంగుళాలు మర్చిపోండి. ఇక్కడ కొలత పైకా.
పైకాకి పన్నెండు పాయింట్లు.
అర పాయింటు తేడా నా కంటపడదు అనుకునేవాళ్లు
ఇప్పుడే వెళ్లి కవిత్వం క్లాసులో చేరండి."

ఇరవై ఇద్దరిలో ఇద్దరు నిజంగానే లేచి వెళ్లారు.

ముప్పై ఏళ్లు రాత్రి డెస్కులో
ఒంటిగంట గడువుకి పేజీలు కట్టిన మనిషి.
నా మొదటి బొమ్మ పాల ధర.
నలభై సెంట్ల దగ్గర మొదలెట్టిన కడ్డీ
పేజీ పైకప్పును పొడిచింది.
"పెరిగింది నాలుగు సెంట్లు.
కాళ్లు నరికేసి మనిషి పొడుగు కొలుస్తావా?
సున్నా నుంచి మొదలుపెట్టు."

మొదలుపెట్టాను.
నేలమాళిగ ల్యాబులో రాత్రిళ్లు,
అతికించే మైనం వాసన జుట్టును వదిలేది కాదు.
క్యాంటీన్‌లో ఎవరో కుర్రాడు
"చర్చి నుంచా?" అని మర్యాదగా అడిగాడు.
పేపరు తెరిస్తే వార్త కనపడేది కాదు,
రెండు కాలమ్‌ల మధ్య సందు కనపడేది.
కలలో నా పేరే శీర్షిక,
ఒక్క అక్షరం పట్టక అంచు మీద వేలాడేది.
మార్చికి తొమ్మిదిమందిమి మిగిలాం.
మార్నీ నర్సింగుకి మారిపోయింది:
"అక్కడ రోగి బతికితే చాలు, పాసే."

ఆ మంగళవారం
కెల్నర్ ఊళ్లో ధాన్యపు గాదె పేలింది.
పిండిలాంటి దుమ్ము, ఒక్క నిప్పురవ్వ, ఇద్దరు మనుషులు.
"రేపు ఆరింటికి నా బల్లమీద ఉండాలి," అంది హాల్వర్సన్.
"నలభై పైకాల ఎత్తు. నిలువుకోత."

తెల్లవార్లూ గీశాను.
సిమెంటు గొట్టాలు, బకెట్ల బెల్టు, రవ్వ పుట్టిన బేరింగు,
ఒకటి నుంచి అయిదు దాకా గుండ్రాల్లో అంకెలు,
అచ్చు గుద్దినట్టు కుదిరాయి.
సిగ్గు లేకుండా చెబుతున్నాను, సంతోషించాను.
గాదె నూట ఇరవై అడుగులు కాబట్టి
స్కేలు ప్రకారం మనిషి రెండు పైకాలు.
నాలుగో అంకె పక్కన బూడిదరంగులో ఇద్దరిని నిలబెట్టాను.

మూడున్నరకి వెనక కాఫీ వాసన.
డ్వేన్ కొపెకీ. మూడు నెలల్లో మూడు మాటలు మాట్లాడినవాడు.
చాలాసేపు చూశాడు.
"నిచ్చెన తూర్పున ఉంటుంది," అన్నాడు.
"రెండు వేసవులు అక్కడ పారపట్టాను.
పడమట ఏం లేదు, ఉత్త గోడ.
అటు ఉండుంటే..."

ఆ వాక్యం అతను పూర్తి చెయ్యలేదు.
కుర్చీ లాక్కుని, అచ్చులో పడని నీలం పెన్సిలు తీసి,
బూడిదరంగు మనుషుల్లో ఒకడి కుడిచేతిలోని పానా
ఎడమచేతికి మార్చాడు.
"లెన్ బాబాయిది పుర్రచెయ్యి."

రెండు పైకాల మనిషికి
చెయ్యి ఎంతని, పానా ఎంతని.
నేనేమీ అనలేదు.
నిచ్చెన చెరిపి తూర్పున వేశాను, మెట్టు మెట్టూ లెక్కపెట్టి.

ఆరింటికి హాల్వర్సన్ స్కేలు ఆనించింది.
"రెండో గుండ్రం అర పాయింటు లావు."
తర్వాత ఎర్రపెన్సిలు గాల్లోనే ఆగిపోయింది.
"రాజధాని పేపరువాళ్లు నిచ్చెన పడమట వేశారే.
నీకెవరు చెప్పారు?"
డ్వేన్ కిటికీలోంచి మంచు చూస్తున్నాడు.
"చెప్పింది ఎవరైనా, అడుగున ఆధారం రాయలేదు.
అయిదు మార్కులు కోత."

ఆరు పాయింట్ల అక్షరాలు, పేజీలోకెల్లా చిన్నవి.
ఎవరూ చదవరు వాటిని.
"ఆధారం: డ్వేన్" దాకా రాశాను.
అతను వచ్చి, వేలితో ఆ మాట మూసి,
"లెన్ అని రాయి," అన్నాడు.

ఆ కాగితం ఇప్పటికీ నా సొరుగులో ఉంది.
అచ్చులో పానా కుడిచేతిలోనే పడింది.
నీలం గీత కెమెరాకి కనపడదు.